చిత్రలేఖకుడు జాక్ కిర్బీ చరిత్రము

మా పాఠశాలలోని చిన్న తరగతుల బాలురు మధ్యాహ్న విరామ సమయమున చెట్టునీడను గుమిగూడి, తాము టెలివిజనులో చూచిన కార్టూను వీరులను గూర్చి వాదులాడుకొనుట మేము పలుమారు వినియున్నాము. ఎవడు బలవంతుడు, ఎవని నెవడు గెలువగలడు అనునదియే వారి వాదము. ఆ వీరులను మొట్టమొదట కాగితముపై గీచిన మనుష్యుడెవడని మేమొకనాడు తరగతిలో నడుగగా ఒక్కడును బదులు చెప్పజాలకపోయెను. నిజము చెప్పవలెనన్న, ఆనాడు మాకును ఆ సంగతి అంతంతమాత్రముగనే తెలిసియుండెను. బొమ్మను అందఱు నెఱుగుదురు. గీచినవానిని ఎవ్వరును ఎఱుగరు. ఇది మాకు మిగుల విచారకరముగ దోచినందున, అట్టివారిలో నొకని చరిత్రమును ఈ సంచికయందు మా విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును తెలుప నెంచితిమి.

అమెరికా దేశమున 1996 వ సంవత్సరమునుండి సూపర్‌మాన్ కథలు క్రొత్తగా కార్టూను చిత్రములై టెలివిజనులో వెలువడినవి. ఆ వరుసలో 1998 ఫిబ్రవరి 7, 14 తేదీలలో రెండు భాగములుగా ప్రదర్శింపబడిన కథ యొకటి గలదు. దాని పేరు అపోకలిప్స్ నౌ. ప్రళయము అను నర్థముగల ఆంగ్లపదమును వర్ణక్రమము మార్చి జాక్ కిర్బీ అను చిత్రకారుడు తన కల్పిత లోకమునకు పెట్టిన పేరును, 1979 వ సంవత్సరపు ఒక ప్రసిద్ధ చలనచిత్రము పేరును కలిపి యల్లిన చమత్కార నామమది. ఆ కథ తుదిని మరణించువాడు సూపర్‌మాన్ కాడు. డాన్ టర్పిన్ అను నొక సామాన్యపు పోలీసు ఉద్యోగి. ఆ టర్పిన్ ముఖమును ఆకారమును అంతకు నాలుగేండ్ల క్రిందట మరణించిన ఆ కిర్బీవే. కార్టూను పోలీసునకు చిత్రకారుని ముఖము నేల యిచ్చిరో తెలియవలెనన్న, ఆతని జీవితమును మొదటినుండి చెప్పుకొనవలెను.

జాక్ కిర్బీ 1917 వ సంవత్సరము ఆగస్టు 28 వ తేదీన న్యూయార్కు నగరమునందలి లోయర్ ఈస్ట్ సైడ్ అను పేదల పేటలో జన్మించెను. తల్లిదండ్రు లాతనికి పెట్టిన పేరు జేకబ్ కర్ట్జ్‌బర్గ్. వారు ఆస్ట్రియా దేశమునుండి వలసవచ్చిన యూదులు. తండ్రి బెంజమిన్ బట్టలు కుట్టు కర్మాగారమున పనిచేయుచు కష్టముమీద కుటుంబమును పోషించుచుండెను. ఆ పేటలో వీధికొక బాలుర ముఠా యుండెడిది. ఒక వీధి పిల్లలు వేఱొక వీధి పిల్లలపై బడి కొట్లాడుట అచట నిత్యకృత్యము. పొట్టివాడైన జేకబ్ తనను తన తమ్ముని కాపాడుకొనుటకై పలుమారు పిడికిలి బిగింపవలసి వచ్చెను. ఆ వీధి పోరాటములను ఆతడు ముదిమియందు స్ట్రీట్ కోడ్ అను బొమ్మల కథగా గీచెను. పెద్ద శరీరముగల వానిని ఎదుర్కొని నిలుచు చిన్నవాని ధైర్యము ఆతని బొమ్మలలో జీవితాంతము కనబడుచునేయుండును.

ఆతనికి చిత్రలేఖనము నేర్పిన గురువనదగినవాడు లేడు. వార్తాపత్రికలలో వచ్చు బొమ్మల కథలను చూచి, హాల్ ఫాస్టర్, అలెక్స్ రేమండ్, మిల్టన్ కానిఫ్ అనువారి గీతలను పరిశీలించి తానే నేర్చుకొనెను. ప్రాట్ అను ప్రసిద్ధ కళావిద్యాలయమున చేరి, వారము దినములకే విడిచిపెట్టెను. నెమ్మదిగా మెఱుగులు పెట్టుచు గీయుట ఆతని స్వభావమునకు సరిపడలేదు. అయినను, పాఠశాలను వారము దినములకే విడిచిన ప్రతివాడును కిర్బీ కాజాలడని మా విద్యార్థులు గ్రహింతురు గాక!

యౌవనారంభమున ఆతడు ఫ్లైషర్ సోదరుల కార్టూను చిత్రశాలలో ఉద్యోగము సంపాదించి, పొపాయి అను నావికుని చిత్రములకు పనిచేసెను. ప్రధాన చిత్రకారుడు ఒక కదలికయొక్క మొదటి బొమ్మను తుది బొమ్మను గీచియిచ్చును. నడిమి బొమ్మల నన్నిటిని గీచి పూరించుట ఆతని పని. వరుసగా వేసిన బల్లలు, వంచిన తలలు, చేతినుండి చేతికి సాగిపోవు కాగితములు — ఇదంతయు తన తండ్రి పనిచేయు కర్మాగారమువలె ఆతనికి దోచెను. కొలదికాలములోనే దానిని విడిచెను. ఆ చిత్రశాలవారే 1941 వ సంవత్సరమున మొట్టమొదటి సూపర్‌మాన్ కార్టూను చిత్రములను తీసిరి. కాని అప్పటికి కిర్బీ అచట లేడు.

ఇచట బొమ్మల కథల వ్యాపారమును గూర్చి ఒకమాట చెప్పవలసియున్నది. కామిక్కులని పిలువబడు ఆ చిన్న పుస్తకములు 1930 తరువాతి దశాబ్దమున అమెరికాలో పుట్టి పెరిగినవి. చిత్రకారునకు పుట కింతయని కూలి ముట్టెడిది. కూలి పుచ్చుకొన్న పిమ్మట ఆ బొమ్మయు, ఆ వీరుడును, వాని పేరును ప్రకటనకర్తల సొత్తు. జెరీ సీగెల్, జో షుస్టర్ అను నిరువురు యువకులు 1938 వ సంవత్సరమున సూపర్‌మాన్‌పై తమకుగల సమస్త హక్కులను 130 డాలర్లకు అమ్ముకొనిరి. ఆ సూపర్‌మాన్ పిదప కోట్లు గడించిపెట్టెను. గడించినది ఆ యువకులకు గాదు. కిర్బీ అడుగుపెట్టిన వ్యాపారమట్టిది.

ఆ వ్యాపారమున ఆతనికి జో సైమన్ అను మిత్రుడు లభించెను. ఇరువురును గలసి కథలు కల్పించి గీయసాగిరి. జేకబ్ కర్ట్జ్‌బర్గ్ పలు మాఱుపేర్లు వాడి, తుదకు జాక్ కిర్బీ అను పేరును స్థిరపఱచుకొనెను. 1940 డిసెంబరులో వారి కెప్టెన్ అమెరికా మొదటి సంచిక అంగళ్లకు వచ్చెను. దాని అట్టమీద ఆ వీరుడు హిట్లరు దవడపై గ్రుద్దుచున్నట్లు చిత్రింపబడియున్నది. అప్పటికి అమెరికా యుద్ధమున చేరియుండలేదు; చేరుటకు ఇంకను ఏడాది కాలము గలదు. హిట్లరును మెచ్చుకొనువారు ఆ దేశముననే యుండిరి. వారినుండి బెదరింపు ఉత్తరములు వచ్చినవి. కార్యాలయమునకు పోలీసు కాపలా పెట్టవలసివచ్చెను. ఇరువురు యూద యువకులు కలముతో కొట్టిన ఆ దెబ్బకు నాడు నిజమైన ధైర్యము కావలసియుండెను. సంచికలు లక్షలకొలది అమ్ముడుపోయినను, తమకు రావలసిన లాభములలో భాగము సరిగా ముట్టుటలేదని తెలిసికొని వారు పది సంచికల పిమ్మట ఆ కంపెనీని విడిచిరి. కెప్టెన్ అమెరికా మాత్రము కంపెనీవారి చేతనే యుండిపోయెను.

1942 మే నెలలో కిర్బీ రోసలిండ్ గోల్డ్‌స్టీన్ అను కన్యను పెండ్లాడెను. రోజ్ అని పిలువబడు ఆమె జీవితాంతము ఆతనికి తోడై నిలిచెను. మరుసటి సంవత్సరము జూనులో ఆతడు సైన్యమునకు పిలువబడి, 1944 ఆగస్టులో ఫ్రాన్సు దేశపు నార్మండీ తీరమున దిగెను. కాలిబంటుగా జనరల్ పాటన్ సేనలో పోరాడెను. ఆతడు చిత్రకారుడని తెలిసిన అధికారులు ఆతనికి విశ్రాంతి నీయలేదు; సేనకు ముందుగా పోయి శత్రువుల యునికిని పటములుగా గీచి తెమ్మని నియమించిరి. అది మిగుల ప్రమాదకరమైన పని. ఆ సంవత్సరపు చలికాలమున మంచువలన ఆతని కాళ్లు చెడిపోయినవి. లండను ఆసుపత్రిలో వైద్యులు వానిని తీసివేయవలసివచ్చునేమోయని తలంచిరి. ఎట్లో కాళ్లు నిలిచినవి. 1945 జూలైలో ఆతడు సైన్యమునుండి విడుదల పొందెను. హిట్లరును బొమ్మలో కొట్టినవాడు ఆతని సైన్యమును నిజముగ నెదిరించి యింటికి వచ్చెను. అధికారమదముతో లోకమును త్రొక్కువారియెడల ఆతనికి గలిగిన ద్వేషము పుస్తకములు చదివి నేర్చుకొన్నది కాదు.

యుద్ధానంతరము సైమనుతో గలసి పలువిధములైన కథలను గీచెను. 1950 తరువాతి దశాబ్దమున ఈ పుస్తకములు బాలురను చెఱచుచున్నవని అమెరికాలో గొప్ప యలజడి పుట్టి, వ్యాపారము కుంగిపోయెను. మిత్రుల భాగస్వామ్యము ముగిసెను. కుటుంబపోషణార్థమై కిర్బీ తాను విడిచివచ్చిన ప్రకటనకర్తలయొద్దకే మరల చేరెను. తరువాత మార్వెల్ అను పేరు వహించిన కంపెనీ అదియే.

అచట సంపాదకుడైన స్టాన్ లీతో గూడి 1961 మొదలు ఆతడు సృజించిన వారిని లెక్కించిన ఆశ్చర్యము కలుగును. ఫెంటాస్టిక్ ఫోర్, హల్క్, థోర్, ఎక్స్‌మెన్, అవెంజర్స్, సిల్వర్ సర్ఫర్, బ్లాక్ పాంథర్ — వీరందఱు ఇంచుమించు అయిదారేండ్లలో పుట్టిన వారే. కిర్బీ తన యింటి నేలమాళిగలో చిన్న గదియందు కూర్చుండి రాత్రులెల్ల గీచెడివాడు. కొన్ని సంవత్సరములలో వేయి పుటలకు మించి గీచెను. ఆ కంపెనీ పద్ధతి యేమనగా, రచయితయు చిత్రకారుడును కథను గూర్చి కొంత ముచ్చటించుకొందురు. చిత్రకారుడు కథనంతయు పుటలలో నడిపి గీచును. పిమ్మట రచయిత మాటలు చేర్చును. ఇందువలన కథ యెవరిదను వివాదము పుట్టెను. లీ పాలెంత, కిర్బీ పాలెంత యని నేటికిని పండితులు వాదించుచునేయున్నారు. మేము తీర్పు చెప్పబోము. గీచిన చేయియే కథను నడిపించెననుట మాత్రము నిర్వివాదము. లీ పేరు లోకమంతట మ్రోగెను. కిర్బీ పుట కింతయని కూలి పుచ్చుకొనుచు నుండెను.

1970 వ సంవత్సరమున ఆతడు విసిగి ఆ కంపెనీని విడిచి, సూపర్‌మాన్ కథలను ప్రకటించు డీసీ కంపెనీలో చేరెను. అచట ఆతనికొక గొప్ప యూహ పుట్టెను. ఒండొంటితో పెనవేసికొన్న పుస్తకములు గీచి, వాని నన్నిటిని ఆదిమధ్యాంతములు గల యొక మహాకథగా నడుపదలచెను. నూతన జెనెసిస్ అను శాంతిలోకము, అపోకలిప్స్ అను అగ్నిగుండముల లోకము — ఈ రెంటికిని వైరము. అపోకలిప్స్ ప్రభువు డార్క్‌సైడ్. సమస్త ప్రాణుల స్వేచ్ఛను హరించుటయే ఆతని కోరిక. యుద్ధము నాపుటకై ఉభయ లోకాధిపతులు తమ కుమారులను మార్చుకొందురు. డార్క్‌సైడ్ కొడుకు ఒరయన్ శాంతిలోకమున పెరిగి, తండ్రికే శత్రువగును. మహాభారతమున అన్నదమ్ముల పోరును చదివిన మన బాలురకు ఈ తండ్రికొడుకుల పోరు క్రొత్తగా తోచదు.

ఆ కథలోనే 1971 వ సంవత్సరమున డాన్ టర్పిన్ అను పోలీసు ఉద్యోగి ప్రవేశించెను. ఆతనికి ఎగురుట రాదు, కండ్లనుండి నిప్పు రాలదు. తన పట్టణమున దేవతలవంటి బలశాలులు పోరాడుచుండగా, ఇది మా ఊరు, ఇచట మా చట్టము నడువవలెనని తలంచి, డార్క్‌సైడ్ మఱియొక కుమారుడైన కాలిబాకు నెదుర నిలిచెను. ఒడలెల్ల గాయములైనను వెనుకకు తగ్గక, నగరపు విద్యుచ్ఛక్తిని వానిపై మరలించి పడగొట్టెను. ఆ పుస్తకమున టర్పిన్ చావలేదు. దెబ్బలు తిని బ్రదికెను.

అమ్మకములు చాలలేదని కంపెనీవారు 1972 లో ఆ మహాకథయొక్క ముఖ్య పుస్తకమును నిలిపివేసిరి. కథ సగముననే ఆగెను. మహా యత్నముతో మొదలిడిన పని తన చేతిలోనుండి లాగివేయబడుట కళాకారునకు ఎంత బాధాకరమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

కొన్నాళ్లు మార్వెల్‌కు మరలివచ్చి పనిచేసి, తుదకు ఆతడు యౌవనమున విడిచిన కార్టూను చిత్రములకే తిరిగివచ్చెను. 1978 లో ఫెంటాస్టిక్ ఫోర్ కార్టూనునకు కథ నడకను వరుస బొమ్మలుగా గీచియిచ్చెను. 1980 లో వెలువడిన థండార్ అను కార్టూనునకు వింత జంతువులను, యంత్రములను కల్పించెను. ఆశ్చర్యమేమనగా, దశాబ్దములపాటు తాను గీచిన పుస్తకములు ఈయని మంచి జీతమును, రోగము వచ్చినచో వైద్యపు భీమాను ఈ కార్టూను కంపెనీ ఆతనికిచ్చెను.

ఇంతలో మఱియొక దుఃఖము. మార్వెల్ కంపెనీ చిత్రకారులకు వారు స్వయముగ గీచిన మూలపుటలను తిరిగి యిచ్చుచుండగా, కిర్బీని మాత్రము ఇతరులను కోరిన దానికంటె పెద్ద ఒప్పందపత్రముపై సంతకము చేయుమని నిర్బంధించిరి. తోటి చిత్రకారులనేకులు ఆతని పక్షమున నిలిచి బహిరంగముగ కోరిరి. తుదకు 1987 లో సుమారు 2,000 పుటలు మాత్రము ఆతనికి చేరినవి. ఆతడు వారికొఱకు గీచినవి 10,000 పుటలకు మించియుండునని అంచనా. 1994 ఫిబ్రవరి 6 వ తేదీన కాలిఫోర్నియాలోని తన గృహమున, 76 వ యేట జాక్ కిర్బీ మరణించెను. తాను కన్న వీరులలో ముఖ్యులైన వారెవ్వరును చట్టరీత్యా ఆతనివారు కారు.

ఇపుడు మొదట చెప్పిన కార్టూను కథకు వత్తము. దానిని నిర్మించిన బ్రూస్ టిమ్ మొదలగువారు కిర్బీ పుస్తకములు చదివి పెరిగినవారు. ఆ కథలోని డార్క్‌సైడ్, ఒరయన్, రెక్కల రాక్షస భటులు, ఇంటర్‌గ్యాంగ్ అను దొంగల ముఠా — ఇవి యన్నియు ఆ సగములో నిలిచిన మహాకథనుండి గైకొనబడినవే. కుమారుల మార్పిడి వృత్తాంతమును ఒరయన్ సూపర్‌మాన్‌కు చెప్పును. డార్క్‌సైడ్ భూమిని తన లోకమువలె అగ్నిగుండములతో నింపదలచి దండెత్తును. సూపర్‌మాన్‌ను బంధించి, ప్రజల యెదుట ప్రదర్శించి, లొంగిపొమ్మని శాసించును. అందఱును భయపడి నిలిచియుండగా టర్పిన్ ముందుకు వచ్చి తిరుగబడును. ప్రజలాతనిని చూచి ధైర్యము తెచ్చుకొందురు. టర్పిన్ తన చేతులతోనే సూపర్‌మాన్ బంధములను ఊడదీయును. తుదకు శాంతిలోకపు సేన వచ్చి భూమి తమ రక్షణలోనిదని ప్రకటింపగా, డార్క్‌సైడ్ వెనుకకు మరలును. మరలుచు, ఓటమికి ప్రతీకారముగ, తన కంటి కిరణములతో ఆ యొక్క టర్పినును మాత్రము భస్మము చేసి పోవును.

అటుపిమ్మట శ్మశానవాటికలో యూద సంప్రదాయానుసారముగ టర్పిన్ అంత్యక్రియ చూపబడినది. ఆకాశమునుండి వచ్చిన బలశాలి కంటె నిలిచి యెదిరింపగల ధైర్యవంతుడగు మనుష్యుడే లోకమునకు కావలసినవాడని సూపర్‌మాన్ ఆ సమాధియొద్ద తలవంచి ఒప్పుకొనును. చిత్రాంతమున ఆ కథ కిర్బీ స్మృతికి అంకితము చేయబడినది. మొదట ప్రదర్శించిన ప్రతిలో, ఆ శ్మశానమున దుఃఖించువారి గుంపునందు, కిర్బీ మార్వెల్ కంపెనీకై గీచిన వీరుల పోలికలుకూడ కనబడినవి. రెండు కంపెనీల బిడ్డలును ఒక తండ్రి సమాధియొద్ద నిలిచిరి. కాని వారు వేఱొక కంపెనీ సొత్తు గదా! తరువాత వెలువడిన ప్రతులలో ఆ ముఖములను తొలగించిరి. జీవితకాలమున ఆతనిని బాధించిన యాజమాన్యపు హక్కు ఆతని బొమ్మల శ్మశానమునకుకూడ వెంటవచ్చి, తన సొత్తును తాను లాగికొనిపోయినట్లున్నది.

చట్టము చట్టమే, కంపెనీలు డబ్బిచ్చి కొన్నవి. ఆ మాట మేమెఱుగుదుము. అయినను కొన్నది వేఱు, కన్నది వేఱు. ఈ భేదమును లోకము ఆలస్యముగనైనను గ్రహించినది. 2014 సెప్టెంబరులో కిర్బీ సంతానమునకును మార్వెల్ కంపెనీకిని రాజీ కుదిరెను. అటుపిమ్మట ఆ వీరుల కథలలో లీ పేరుతోబాటు కిర్బీ పేరును కనబడుచున్నది. ఇరువదియేండ్లు ఆలస్యమైనది, చూచుటకు ఆతడు లేడు.

విద్యార్థులారా! ఇకమీద మీరు కార్టూను చూచునపుడు, చివర గబగబ పరుగెత్తు పేర్లను క్షణమాగి చదువుడు. పాఠ్యపుస్తకములోని బొమ్మనైనను, మీరు కూర్చుండు బల్లనైనను చేసిన చేయి యొకటి యుండును. ఆ చేతికి పేరు గలదు, ఇల్లు గలదు, రాత్రులు మేల్కొన్న అలసట గలదు. మీరును పెద్దవారై, ఇతరుల కష్టమునకు వెలకట్టవలసిన స్థానమున నొకనాడు కూర్చుందురు. అపుడు కూలి యిచ్చుటతోనే ఋణము తీరెనని తలంపక, పనివాని పేరునుకూడ వానికి దక్కనిండు. ఈ చరిత్రమువలన మా బాలురలో నొక్కడైనను అట్లు చేసినచో, మేము దీనిని వ్రాసిన శ్రమ ఫలించినదని తలంతుము.